బాలి ద్వీపయాత్ర: వీసా విషయమున ఏజెంటు చెప్పవలసిన మాట

ఒకప్పుడు మన కుటుంబములలో కాశీరామేశ్వరములు చూచివచ్చుటయే జీవితమున ఒక గొప్ప ఘట్టముగా ఉండెడిది. నేడు వేసవి సెలవులు వచ్చినను, ఇంట పెండ్లి జరిగినను విదేశవిహారమును గూర్చిన ముచ్చట సాగుచున్నది. హైదరాబాదులోను, విజయవాడలోను, విశాఖపట్టణములోను ట్రావెల్ ఏజెంటుగారి గదిలో గోడనిండ నీలిసముద్రము, కొబ్బరితోటలు గల బొమ్మలు కనిపించును. యాత్రకు పోదలచినవారు అచ్చట కూర్చుండి ధర అడుగుదురు; హోటలు సముద్రమునకు ఎంత దూరమో అడుగుదురు; మన భోజనము దొరకునా అని అడుగుదురు. అన్నియు ముగిసి లేవబోవునప్పుడు, "వీసా సంగతేమిటండీ?" అందురు. "దానికేముందండీ, అక్కడ దిగాక ఇస్తారు" అని ఏజెంటుగారు సెలవిత్తురు.

ఈ సమాధానము అసత్యము కాదు. అయినను ఒక కుటుంబము సంవత్సరముల తరబడి కూడబెట్టిన సొమ్మును, నలుగురి సంతోషమును మోయదగినంత బలము దానికి లేదు. దిగిన తరువాత ఇచ్చు వీసాకు కూడ షరతులు కలవు. ఆ షరతులలో ఎక్కువ భాగము ఇల్లు కదలకమునుపే సరిచూచుకొనవలసినవి. వానిని ముందుగా, విడమరచి, వ్రాతమూలకముగా చెప్పుట ఏజెంటు యొక్క బాధ్యత. ఆ చెప్పవలసిన మాటలేవో బాలి ద్వీపమును ఉదాహరణముగా గొని ముచ్చటించుకొందము.

బాలి ఇండోనేషియా దేశములోని ఒక ద్వీపము. జావాకు తూర్పున, భూమధ్యరేఖకు దక్షిణముగా సుమారు 8 డిగ్రీల దూరమున ఉన్నది. అచ్చటి గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు ముందు నడచును. ద్వీపవాసులలో అత్యధికసంఖ్యాకులు హిందువులు. బేసాకి దేవాలయమును, సముద్రపుటొడ్డున రాతిపై నెలకొన్న తనా లోత్ గుడిని చూడవలెనను కుతూహలము మనవారికి సహజము. నూతనదంపతులును, సకుటుంబముగా పోవువారును, పెండ్లికి ముందు ఛాయాచిత్రములు తీయించుకొనవలెనని పోవువారును నానాటికి పెరుగుచున్నారు.

పాస్‌పోర్టు మన ప్రభుత్వము మనకిచ్చు గుర్తింపు పత్రము. వీసా పరప్రభుత్వము మనకిచ్చు అనుమతి. ఈ రెండును చేతనున్నను యాత్రికుడు మూడు ద్వారములు దాటవలసియున్నది. మొదటిది శంషాబాదులోనో, బెంగుళూరులోనో విమానసంస్థవారి కౌంటరు. రెండవది మన దేశపు ఇమిగ్రేషన్. మూడవది బాలిలోని ఙురా రాయ్ విమానాశ్రయమున ఉన్న ఆ దేశపు ఇమిగ్రేషన్. "దిగాక ఇస్తారు" అను మాట మూడవ ద్వారమునకు మాత్రమే చెందును. చిక్కు తరచుగా మొదటి ద్వారముననే వచ్చును. ప్రయాణికుని ఆ దేశము నిరాకరించినచో, అతనిని తిరిగి తీసికొనిపోవలసిన భారము విమానసంస్థపై పడును. కావున కౌంటరులోని ఉద్యోగి "టైమాటిక్" అను నియమసంపుటిని కంప్యూటరులో చూచి, పత్రములన్నియు సరిపోయిన గాని విమానమెక్కనీయడు. ఈ నియమములే ఏజెంటు నెల దినములు ముందుగా చూచినచో, విమానాశ్రయములో కంటతడి పెట్టుకొనవలసిన అవసరముండదు.

ఏజెంటు మొట్టమొదట చెప్పవలసినది నియమము ఏ తేదీనాటిదో. వీసా నియమములు మాటిమాటికి మారుచుండును. ఇండోనేషియా ప్రభుత్వము 2016వ సంవత్సరమున 169 దేశములవారికి, అందులో భారతీయులకు కూడ, 30 దినముల విహారమునకు వీసా అక్కరలేదని ప్రకటించినది. 2020 మార్చి నెలలో కోవిడ్ వ్యాధి కారణముగా ఆ సదుపాయమును నిలిపివేసినది. అటుపిమ్మట భారతీయులకు లభించినది రుసుము చెల్లించి పొందెడు వీసా. 2018లో పోయివచ్చిన బంధువు, "బాలికి వీసాయే లేదు, మేము ఊరకనే పోయివచ్చితిమి" అని చెప్పినచో అతడు అబద్ధమాడుటలేదు. అతని సత్యమునకు కాలము తీరిపోయినది. ఇరుగుపొరుగువారి అనుభవమునకును, ఏజెంటు సలహాకును ఉండవలసిన భేదము ఇదియే. "ఈ నియమమును నేను ఫలానా తేదీన ప్రభుత్వపు వెబ్‌సైటులో చూచితిని, మీరు బయలుదేరుటకు వారము ముందు మరల చూచి చెప్పెదను" అనునది వృత్తిధర్మమెరిగినవాని మాట.

ఇక పాస్‌పోర్టు. బాలిలో దిగు నాటినుండి లెక్కింపగా దానికి కనీసము ఆరు నెలల గడువు మిగిలియుండవలెను. మన దేశమున పెద్దవారి పాస్‌పోర్టు 10 సంవత్సరములు చెల్లును. పిల్లలదో, 5 సంవత్సరములు, లేదా వారికి 18 ఏండ్లు నిండువరకు, ఏది ముందయిన అంతవరకే. తలిదండ్రులు తమ పాస్‌పోర్టులపై తేదీ చూచుకొని తృప్తిపడుదురు. అదేనాడు తీసికొన్న పిల్లవాని పాస్‌పోర్టు గడువు దగ్గరపడినదని గమనింపరు. ఒక్క పిల్లవాని పత్రము చాలకపోయినచో ఇంటిల్లపాది ప్రయాణము ఆగిపోవును. అందుచేత ఏజెంటు అడుగవలసినది "మీ పాస్‌పోర్టులు ఉన్నవా?" అని కాదు, ప్రతి ఒక్కరి పాస్‌పోర్టును స్వయముగా చేతిలోనికి తీసికొని, తేదీ చూచి, ఖాళీ పుటలున్నవో లేవో చూచి, చిరుగులు, తడిమరకలు, ఊడిన కుట్టు ఉన్నవేమో పరిశీలింపవలెను. చిరిగిన పాస్‌పోర్టును బాలి అధికారులు తేలికగా విడువరు.

పేరు విషయము తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. బడి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా ఉండును. పాస్‌పోర్టులో పూర్తిగా ఉండును. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉండును. వివాహమైన స్త్రీకి ఒక పత్రములో పుట్టింటిపేరు, మరియొకదానిలో అత్తవారింటిపేరు ఉండుట కద్దు. విమానపు టిక్కెట్టు మీదను, వీసా దరఖాస్తులోను పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరము తప్పక ఉండవలెను. పిలుపుపేరుతో టిక్కెట్టు కొన్నచో దానిని సరిచేయుటకు మరల డబ్బు, శ్రమ. క్రొత్తగా పెండ్లియైన అమ్మాయి పేరును ఏజెంటు శుభలేఖ చూచి వ్రాయరాదు.

కొందరి పాస్‌పోర్టులపై ఇ.సి.ఆర్. అను గుర్తు ఉండును. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారిలో ఇది ఎక్కువ. 1983వ సంవత్సరపు ఎమిగ్రేషన్ చట్టము ననుసరించి, ఇట్టివారు కొన్ని దేశములకు ఉద్యోగార్థము పోవునప్పుడు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెను. ఆ దేశముల పట్టికలో ఇండోనేషియా కూడ ఉన్నది. విహారమునకు పోవువారికి ఆ అనుమతి అక్కరలేదు. తిరుగు టిక్కెట్టు, తగిన పత్రములు చూపిన చాలును. ఈ సంగతి తెలియని పల్లెటూరి తల్లిదండ్రులు మన విమానాశ్రయములోనే అధికారి ప్రశ్నలకు తడబడుదురు. వారి చేతికి తిరుగు టిక్కెట్టు, హోటలు పత్రము కాగితముమీద అచ్చువేయించి ఇచ్చుట, "విహారమునకు పోవుచున్నాము" అని నిదానముగా చెప్పుమనుట ఏజెంటు చేయదగిన చిన్న ఉపకారము. తిరుగు టిక్కెట్టు బాలి అధికారులు కూడ అడుగుదురు గనుక అది అందరి చేతను ఉండవలెను.

రుసుము సంగతి విందము. దిగిన తరువాత ఇచ్చు వీసాకు ఒక్కొక్కరికి 5,00,000 ఇండోనేషియా రూపాయలు చెల్లింపవలెను. అంకె చూచి బెదరనక్కరలేదు; ఆ దేశపు రూపాయ విలువ మన రూపాయలో మిక్కిలి చిన్న భాగము. పసిపిల్లకు కూడ వేరుగా వీసా, వేరుగా రుసుము. దీనినే 2022 నవంబరు నుండి ఇంటినుండి కంప్యూటరు ద్వారా ముందుగా పొందు అవకాశము కలిగినది. వృద్ధులు, చంటిపిల్లలు ఉన్న కుటుంబమునకు ఈ పద్ధతియే మేలు. రాత్రియంతయు ప్రయాణము చేసి దిగి, రుసుము కట్టుటకు వేరొక వరుసలో నిలువబడు శ్రమ తప్పును. ఇదిగాక బాలి రాష్ట్రప్రభుత్వము 2024 ఫిబ్రవరి 14వ తేదీ నుండి విదేశీయాత్రికుల వద్ద ఒక్కొక్కరికి 1,50,000 రూపాయల పన్ను వసూలు చేయుచున్నది. ఆ ద్వీపపు సంస్కృతిని, ప్రకృతిని కాపాడుటకై విధించిన పన్ను ఇది. దీనికిని వీసాకును సంబంధము లేదు. కావున నలుగురున్న కుటుంబమునకు వీసా క్రింద 20,00,000, పన్ను క్రింద 6,00,000, వెరసి 26,00,000 ఇండోనేషియా రూపాయలు. ప్యాకేజీ ధరలో ఇవి చేరినవో, లేవో బిల్లులో వేర్వేరు పంక్తులుగా కనబడవలెను. "అన్నీ కలిపే" అను మాట వివాదమునకు విత్తనము.

కంప్యూటరులో వీసా పేరు చెప్పి అధికరుసుము గుంజు నకిలీ వెబ్‌సైటులు అనేకము కలవు. చూచుటకు ప్రభుత్వపు పుటలవలెనే ఉండును. ఇండోనేషియా ప్రభుత్వపు వెబ్‌సైటుల చిరునామాలు "గో డాట్ ఐడి" అను అక్షరములతో ముగియునని ఏజెంటు యాత్రికునకు నేర్పవలెను. 2025 నుండి ఆ దేశమున దిగువారందరు "ఆల్ ఇండోనేషియా" అను ఆగమనప్రకటనను కంప్యూటరులోనో, ఫోనులోనో పూర్తిచేయవలసియున్నది. దానికి రుసుము లేదు. రుసుము అడిగిన చోట మోసమున్నదని గ్రహింపవచ్చును.

ఈ వీసాతో 30 దినములు ఉండవచ్చును. ఒక్కసారి మరి 30 దినములు పొడిగించుకొనవచ్చును. ఐదారు దినములు తిరిగి వచ్చువారికి ఈ లెక్కతో పనిలేదు. అచ్చట ఉద్యోగము చేయుచున్న కుమారుని ఇంట నెలరోజులుండి రావలెనని పోవు తలిదండ్రులకు మాత్రము ఇది ముఖ్యము. దిగిన దినమే మొదటి దినము. జూలై 1వ తేదీన దిగినవారికి 30వ తేదీ చివరి దినము. "నెలరోజులే గదా" అని 31వ తేదీకి టిక్కెట్టు కొన్నచో ఒక దినము మించిపోయినట్లే. మించిన ప్రతి దినమునకు మనిషికి 10,00,000 ఇండోనేషియా రూపాయల జరిమానా; అనగా ఒక్కనాటి ఏమరుపాటునకు వీసా రుసుమునకు రెండింతలు. అరువది దినములు మించినచో దేశమునుండి పంపివేసి, మరల రాకుండ నిషేధింతురు. అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరు విమానముల విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. టిక్కెట్టు మీది తేదీకిని, మనము అనుకొను "ఆ రాత్రి"కిని ఒక దినము తేడా ఉండును.

అందుచేతనే గడువు చివరి దినమునకు తిరుగు టిక్కెట్టు కొనరాదు. దీనికి రెండు కారణములు ఆ ద్వీపముననే ఉన్నవి. మొదటిది న్యేపి. బాలి ప్రజలు తమ శకసంవత్సరాదిని మౌనదినముగా పాటింతురు. ఆ 24 గంటలు వీధిలో ఎవరును తిరుగరు, దీపములు వెలిగింపరు, విమానాశ్రయము కూడ మూసివేయుదురు. విదేశీయాత్రికులు సైతము హోటలు ఆవరణ దాటరాదు. 2023లో ఈ పర్వము మార్చి 22న, 2026లో మార్చి 19న, సరిగా మన ఉగాదినాడే వచ్చినది. కొన్ని సంవత్సరములలో ఒకటి రెండు దినములు, మరికొన్నింట నెలదినముల తేడా ఉండును. ఉగాది సెలవులకు బాలి పోదుమనువారికి టిక్కెట్టు కొనునాడే ఆ సంవత్సరపు న్యేపి తేదీ చూచి చెప్పవలెను. రెండవ కారణము అగ్నిపర్వతములు. 2017 నవంబరులో అగుంగ్ పర్వతము బూడిద వెదజల్లగా బాలి విమానాశ్రయమును మూసివేసిరి. 2024 నవంబరులో చాలదూరముననున్న ఫ్లోరెస్ ద్వీపములోని లెవోతోబి పర్వతము బ్రద్దలైనందున బాలి విమానములు అనేకము ఆగిపోయినవి. అట్టి సమయమున గడువు మీరునట్లున్నచో హోటలులో కూర్చుండక, విమానసంస్థ ఇచ్చిన రద్దుపత్రముతో వెంటనే ఇమిగ్రేషన్ కార్యాలయమునకు తెలుపుకొనవలెనని యాత్రికునకు ముందే చెప్పియుంచవలెను.

చేరవలసిన చోటిని గూర్చి విచారించి, దారిని మరచుట మరియొక లోపము. సింగపూరులో విమానము మారి బాలి పోవువారు కలరు. ఒకే టిక్కెట్టుపై ప్రయాణము సాగి, సామాను నేరుగా బాలికి చేరునట్లున్నచో విమానాశ్రయము లోపలనే ఉండి విమానము మారవచ్చును. ధర తగ్గునని రెండు సంస్థల టిక్కెట్లు వేర్వేరుగా కొన్నచో, సాధారణముగా సింగపూరులో ఇమిగ్రేషన్ దాటి బయటికి వచ్చి సామాను తీసికొని, మరల లోనికి పోవలెను. బయటికి వచ్చుటకు భారతీయునకు ఆ దేశపు అనుమతి కావలెను. బాలి వీసా బాలిలో ఇత్తురు. సింగపూరు వీసా సింగపూరులో దిగిన తరువాత ఇయ్యరు. చవక టిక్కెట్టు అమ్మిన ఏజెంటు ఈ సంగతి చెప్పనిచో, యాత్రికుడు విమానమెక్కకుండగనే ఇంటిదారి పట్టవలసివచ్చును.

వీసా ఏ పనికి ఇచ్చినారో ఆ పనికే చెల్లును. ఈ వీసాపై విహరింపవచ్చును, బంధుమిత్రులను చూడవచ్చును, వ్యాపారవిషయములు సంప్రదింపవచ్చును. అచ్చట పనిచేసి సంపాదింపరాదు. మనవారు పెండ్లిఫొటోల కొరకు ఇచ్చటి ఛాయాగ్రాహకుని, అలంకారము చేయువారిని వెంటబెట్టుకొని పోవుచున్నారు. కూలి పుచ్చుకొని చేయు పని విహారము కాదు. దానికి వేరు వీసా కలదు. లేదా అచ్చటి ఛాయాగ్రాహకునే కుదుర్చుకొనవచ్చును. "యాత్రికులమని చెప్పండి, ఎవరడుగుతారు?" అని సలహా చెప్పు ఏజెంటు తాను హైదరాబాదులో క్షేమముగా కూర్చుండును, తప్పు చెప్పినవాడు పరదేశమున అధికారి ఎదుట నిలువబడును. అబద్ధము చెప్పుమని సలహా ఇచ్చువాని గడప మరల తొక్కకుండుటయే మేలు. ప్రవర్తన విషయమున కూడ ఆ ద్వీపము ఉపేక్ష వహింపదు. 2023లో పవిత్రస్థలములయందు అమర్యాదగా ప్రవర్తించిన విదేశీయులను దేశమునుండి పంపివేసిరి. వీసా చేతనున్నంత మాత్రమున అతిథిధర్మము తీరిపోదు.

నేటి మన కుటుంబములలో పౌరసత్వములు కూడ కలిసియున్నవి. తాతగారిది భారతీయ పాస్‌పోర్టు. అమెరికాలో పుట్టిన మనుమరాలిది అమెరికా పాస్‌పోర్టు. సెలవులకు హైదరాబాదు వచ్చినవారందరు కలిసి బాలి పోదమందురు. పోవుట సులభమే. తిరిగి మన దేశమునకు వచ్చునప్పుడు ఆ పాపకు ఓ.సి.ఐ. కార్డు గాని, మరల ప్రవేశించుటకు వీలిచ్చు భారతీయ వీసా గాని ఉండవలెను. ఒక్క ప్రవేశమునకే చెల్లు వీసాతో వచ్చియున్నచో, బాలి పోవుటతో అది ముగిసిపోవును. తాతగారు దేశమున అడుగిడగా మనుమరాలు ఆగిపోవుట ఎట్టి సంకటమో చెప్పనక్కరలేదు. కావున "ఎందరు వచ్చెదరు?" అని అడిగిన వెంటనే "ఎవరెవరు ఏ దేశపు పౌరులు?" అని అడుగుట ఏజెంటునకు అలవాటు కావలెను.

ఇన్నియు చెప్పిన తరువాత కూడ ఏజెంటు చెప్పగూడని మాట ఒకటి ఉన్నది. అది "వీసాకు నాది హామీ" అనునది. ప్రవేశమిచ్చుట, నిరాకరించుట ఆ దేశపు అధికారి చేతిలోనిది. ఏజెంటు హామీ ఇయ్యదగినది తన శ్రద్ధకు మాత్రమే: పత్రములు చూచితిని, నియమము చూచితిని, లోపమున్న చోట చెప్పితిని, రుసుము ఇంత, అది తిరిగిరాదు అని. ఈ మాటలను ఒక కాగితముపై తేదీతో వ్రాసి, ఇరువురు చెరియొక ప్రతి ఉంచుకొనుట ఉభయులకును క్షేమము. సొమ్ము పుచ్చుకొని చేయవలసిన సేవలో లోపము జరిగినచో, 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనును ఆశ్రయింపవచ్చును. అచ్చట నోటిమాటకంటె ఆ కాగితమే ఎక్కువ పలుకును.

యాత్రికునకును ధర్మమొకటి కలదు. పాస్‌పోర్టు చిరిగియున్నచో దాచరాదు. పోవు కారణమును మరుగుపరచరాదు. వీసా ప్రశ్నను లేవబోవునప్పుడు అడుగుట మాని, కూర్చుండగనే అడుగవలెను. ఆలస్యముగా తెలిసిన లోపమును సరిచేయుటకు కాలము చాలదు. పిల్లవాని పాస్‌పోర్టును మార్పించుటకు కూడ దినములు పట్టును. ప్రయాణమునకు రెండు నెలల ముందు వీసా మాట, ఆ తరువాత హోటలు మాట, చివరకు సముద్రపుటొడ్డు మాట. ఆ వరుసలో మాటాడుకొన్న కుటుంబమునకు బాలిలో దిగిన నాడు అధికారి ముద్ర వేయు చప్పుడు విని ముందుకు సాగిపోవుట తప్ప వేరు పని ఉండదు.